నెల్లూరికి పంపాల్సిన బొమ్మ

బొమ్మలో ముక్కును బాలసుబ్రహ్మణ్యం చెరిపేయడం అది నాలుగోసారి. కాగితం అక్కడ పొరలు లేచిపోతోంది.

"నా ముక్కుతో నీకేంది పేచీ?" అంది పద్మావతి, పెదవులు కదపకుండా. కదిలితే బొమ్మ చెడిపోతుందని చెప్పింది అతనే మరి.

పక్కన కూర్చుని చింతపండులో గింజలు తీస్తున్న ఆమె అవ్వ వెంకటసుబ్బమ్మ మనవరాలిని ఊరుకోమంది. అతణ్ణి పిలిపించింది ఆ ముసలావిడే. నెల్లూరులో ఒక సంబంధం ఉందట, వాళ్లు ముందు పిల్ల ఫొటో అడిగారట. ఉదయగిరిలో ఫొటో తీసేవాడు లేడు. పెళ్లి కావలసిన పిల్లను బస్సెక్కించి స్టూడియోల చుట్టూ తిప్పితే బజారంతా గుసగుసలాడుతుంది. ఎదురింటి కుర్రాడు వారం వారం ఆత్మకూరు వెళ్లి డ్రాయింగు నేర్చుకుంటున్నాడు కదా, ఫొటోకి బదులు బొమ్మే పంపుదామంది.

కాదనడానికి అతనికి నోరు రాలేదు. పద్మావతి అంటే అతనికి ప్రాణం. ఆ మాట ఇంతవరకు గోడకు కూడా చెప్పుకోలేదు. వాళ్లది టోకు వ్యాపారం, పెద్ద మిద్దె. వీళ్లది చిన్న చిల్లర అంగడి, అందులోనూ పొట్లాలు కట్టే కాగితాల మీద బొమ్మలు గీస్తుంటాడని అతనికి పేరు. అలాంటివాడికి పిల్లనెవరిస్తారు?

సరే, గీశాడు. చెవుల దాకా కళ్లు, సంపెంగ ముక్కు, నున్నటి బుగ్గలు. శనివారం ఆ బొమ్మను చుట్టచుట్టి చంకలో పెట్టుకుని బస్సెక్కాడు.

ఆత్మకూరులో డ్రాయింగు మాస్టారు రాజమోహన్ కళ్లజోడు సర్దుకుని చూశారు. ఎవరీ అమ్మాయని అడిగారు. మా ఎదురింటి పద్మావతి అన్నాడు శిష్యుడు.

"కాదు. పోయినవారం నువ్వు గీసుకొచ్చిన లక్ష్మీదేవి. చీర మార్చినావంతే."

బాలసుబ్రహ్మణ్యం తల వంచుకున్నాడు. మాస్టారికి జాలేసింది. కుండ గీసినా కొండ గీసినా క్యాలెండరులో ఉన్నదే గీస్తున్నావని రెండేళ్లుగా మొత్తుకుంటున్నానన్నారు. మందలింపులోనూ ఆయన గొంతు మెత్తగానే ఉంది.

"చెయ్యి తిరిగిందిరా నీకు, కాదనను. కన్నే ఇంకా అరువు కన్ను. నీకెట్టా కనపడతాదో అట్టా గియ్యి. అది ఇంకొకడు గియ్యలేడు."

తిరుగు బస్సులో అతను అటూ ఇటూ ఆలోచించాడు. తనకు కనపడింది గీస్తే, ఆమెకు చిన్నప్పుడు అమ్మవారు పోసినప్పటి మచ్చలు ఎడమ బుగ్గ మీద నాలుగూ వస్తాయి. పన్ను మీద పన్ను వస్తుంది. అది చూసి నెల్లూరు వాళ్లు వద్దంటే, కావాలనే చెడగొట్టాడంటారు పద్మావతి ఇంట్లోవాళ్లు, తమ గడప మళ్లీ తొక్కనివ్వరు. అందంగా గీసిస్తే పిల్ల నెల్లూరు వెళ్లిపోతుంది. పోనీ, అదీ సరే అనుకుందాం. పెళ్లిచూపుల నాడు వాళ్లు బొమ్మనూ పిల్లనూ పక్కపక్కన పెట్టి చూస్తే? అందరిలో ఆమె తల వంచుకోవాల్సి వస్తే? తనకేమైనా ఫరవాలేదు, ఆ గతి మాత్రం ఆమెకు తన చేతుల మీదుగా పట్టకూడదనుకున్నాడు.

మర్నాడు కొత్త కాగితంతో వెళ్లాడు. రబ్బరు ఇంట్లోనే వదిలేశాడు. పద్మావతిని కదలొద్దని చెప్పలేదు. ఆమె ఏదో ఒకటి చెబుతూ నవ్వుతూనే ఉంది, అతను గీస్తూనే ఉన్నాడు. మచ్చలు వచ్చాయి, పన్ను వచ్చింది, నవ్వే ముందు ఆమె కనుబొమ ఒకటి కాస్త పైకి లేస్తుంది, అదీ వచ్చింది. అటువంటి మొహం ఏ క్యాలెండరులోనూ ఉండదు. గీయడం అయ్యాక చూసుకుంటే అతనికే కళ్లు చెమర్చాయి.

పద్మావతి ఒక్కసారి తొంగిచూసి వంటింట్లోకి పరుగెత్తింది. అయిపోయింది, పిల్ల నొచ్చుకుందనుకున్నాడు.

వెంకటసుబ్బమ్మ బొమ్మను వెలుతురుకు పట్టి చాలాసేపు చూసింది.

"మచ్చలు గూడా పెట్టినావే."

"ఉండాయి గదవ్వా."

"ఉండాయిలే. ఇంత ముద్దుగా ఉండాయని నాకే తెలీదు." బొమ్మను ఒళ్లో పెట్టుకుని అతణ్ణి ఎగాదిగా చూసింది. "రేపు పొద్దున మీ అమ్మనూ నాయననూ ఒకసారి ఇంటికి రమ్మను."

పిలిచి చీవాట్లు పెట్టడానికే అనుకున్నాడు. ఎక్కణ్ణుంచి వచ్చిందో ధైర్యం, లేచి నిలబడ్డాడు.

"వాళ్లనేమీ అనబాకవ్వా. ఈ బొమ్మ మాత్రం నేను మార్చను. నెల్లూరోళ్లు పద్మావతిని ఇట్టా చూసి ఇష్టపడితేనే ఇయ్యండి, లేకుంటే వద్దు."

ముసలావిడ బోసినోటితో నవ్వింది.

"నెల్లూరులో మాకు ఏ సంబంధమూ లేదురా అబ్బాయ్."