ఊటచేను

"అమ్మా, ఒక్క మాట. ఇక్కడ కాదు, లోపల చెప్తాను."

ఆ మాట వినగానే కప్పలక్కకి ఒళ్ళు మండింది.

ఆఫీసులో అందరూ ఆమెను కప్పలక్క అనే పిలుస్తారు. అరుదైన జీవులు ఎక్కడ మిగిలాయో వెతికి, ఆ నేల చుట్టూ పటం మీద గీత గీయడం ఆమె పని. గీత లోపలి నేలను ఎవరూ తవ్వకూడదు. గీత బయట పడ్డ నేల, యజమాని కాదన్నా సరే, గనికి పోతుంది.

పటం సాయంత్రం ఐదింటికి పైకి వెళ్ళిపోవాలి. ఒకసారి వెళ్ళిందంటే ఇక దేవుడు దిగొచ్చినా మార్చడానికి లేదు.

అందుకే వరండా నిండా జనం. గీత తమ నేల మీద పడకూడదని, గని వస్తే మంచి ధర పలుకుతుందని ఒకటే గోల.

"కప్పల కోసం మా కడుపు కొడతారా?" అని గుమ్మంలోంచే అరిచాడొకడు.

వాళ్ళ మధ్యలోంచే వచ్చి బల్ల ముందు నిలబడ్డాడు ఈ పెద్దాయన. నలిగిన చొక్కా, చెప్పులకి ఎండిన బురద. మాటిమాటికీ వెనక జనం వైపు చూస్తున్నాడు.

"ఏదైనా అందరి ముందే చెప్పండి," అంది కప్పలక్క.

"అందరి ముందూ చెప్పేది కాదమ్మా. కొండ కింద నేల సంగతి."

చాటుగా చెప్పే నేల సంగతులేమిటో ఆమెకు తెలియవా! నిన్న గనివాళ్ళ మనిషి ఒకడు ఇలాగే గొంతు తగ్గించి, 'మీ పిల్లల చదువులు మేం చూసుకుంటాం మేడం' అన్నాడు.

"వెళ్ళి బయట కూర్చోండి," అని కసిరింది. పేరైనా అడగలేదు.

అంతలో ఫోను మోగింది. కొండ కింద నుంచి సర్వేయరు.

"అక్కా, ఊటచేను గేటు దగ్గరున్నాం. లోపల అరుస్తున్నాయి. మన నల్లచారల కప్పే, ఒట్టు!"

ఆమె లేచి నిలబడింది. ఏళ్ళ తరబడి వెతుకుతున్న కప్ప అది. ఇంకెక్కడా మిగల్లేదు.

"చూశారా?"

"ఎలా చూడ్డం? గేటుకి తాళం. గోడ రెండు నిలువుల ఎత్తుంది."

అరుపు వింటే చాలదు. కళ్ళారా చూసి ఫొటో తీస్తేనే గీత పడుతుంది.

"తాళం పగలగొట్టేయమంటావా అక్కా?"

"అమ్మో, వద్దు! యజమాని ఒప్పుకోకుండా కాలు పెడితే మనం చూసింది చెల్లదు. కోర్టులో పటం మొత్తం కొట్టేస్తారు. ముందా మనిషిని పట్టుకో."

"రికార్డులో పేరుంది గానీ ఆ అడ్రసులో ఎవరూ లేరు. ఎప్పుడొస్తాడో, ఎప్పుడు పోతాడో చుట్టుపక్కల ఎవరికీ తెలీదట."

ఆమె తెలిసినవాళ్ళందరికీ ఫోన్లు చేసింది. గొంతు బొంగురుపోయింది గానీ జాడ దొరకలేదు.

తలెత్తేసరికి మళ్ళీ ఆ పెద్దాయనే.

"అమ్మా, రెండు నిమిషాలు... లోపల..."

"ఒకసారి చెబితే తలకెక్కదా మీకు? వాచ్‌మన్! ఈయన్ని గేటు బయటికి పంపించు!"

జనం గొల్లున నవ్వారు. పెద్దాయన నోరు తెరిచి, వాళ్ళ మొహాలు చూసి, మూసేసుకున్నాడు. తల దించుకుని వాచ్‌మన్ వెంట నడిచాడు.

ఐదు కావస్తోంది. సర్వేయరుకి మళ్ళీ ఫోను చేసింది.

"ఏమైంది తమ్ముడూ?"

"ఏం లేదక్కా. ఇంకా అరుస్తూనే ఉన్నాయి, పాపం."

"ఫోను కాస్త గేటుకేసి పట్టుకో."

పట్టుకున్నాడు. బెక్ బెక్‌మంటూ సన్నగా, తెరిపి లేకుండా వినిపించాయి. కప్పలక్క కళ్ళు మూసుకుని విన్నది.

ఐదు కొట్టింది. ఊటచేనును గీత బయటే వదిలేసి, పటం పంపించేసింది. పంపించి, బల్ల మీద తల పెట్టుకుని ఏడ్చింది.

గెలిచామన్న సంబరంతో వరండా ఖాళీ అయింది. ఎంతసేపటికో వాచ్‌మన్ లోపలికొచ్చి, తుప్పు పట్టిన తాళంచెవి ఒకటి బల్ల మీద పెట్టాడు.

"ఇందాకటి పెద్దాయన మీకిచ్చి వెళ్ళాడమ్మా. మీవాళ్ళని లోపలికెళ్ళి చూసుకోమన్నాడు."

ఆమె తాళంచెవిని చేతిలోకి తీసుకుంది.

"ఆయన ఈ మాట పొద్దున్నే ఎందుకు చెప్పలేదు?" అంది.

"ఆ జనం ముందు చెప్తే ప్రాణాలతో ఇంటికెళ్ళేవాడా అమ్మా? వాళ్ళు కదిలేదాకా రోడ్డవతల నిలబడే ఉన్నాడు. ఊటచేను ఆయనదేనట, గనివాళ్ళు ఎంత ఆశపెట్టినా అమ్మకుండా, ఆ కప్పల కోసమే ఇన్నేళ్ళుగా గేటుకి తాళం వేసి కాపలా కాస్తున్నాడట."