సున్నా ఎటు పోయింది?

"తప్పు నా ఫైల్లోనా? ఆ మాట ఇంకోసారి అను!" తమ్ముడు కుర్చీలోంచి లేచాడు.

ఇంటర్వ్యూకి వచ్చిన అమ్మాయి మాత్రం లేవలేదు. "మీ ఫైల్లోనే సార్," అంది.

అక్క ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. పార్సిల్ కంపెనీ ఆమెది, అందులో ప్రోగ్రాముల పెత్తనం తమ్ముడిది. గది మూలన తిరిగొచ్చిన పార్సిళ్లు నడుమెత్తున పేరుకుపోయాయి. సాయంత్రంలోగా వ్యవహారం చక్కబడకపోతే పెద్ద ఖాతాదారు చెయ్యి జారిపోతాడు. అతను పోతే కంపెనీకి తాళమే. ఆ భయంతో ఆమెకు పొద్దుటినుంచీ మెతుకు దిగలేదు.

"నాకు అర్థమయ్యేలా చెప్పమ్మా," అంది.

"చిరునామాలు వేరేవాళ్ల సర్వర్ నుంచి వస్తాయి కదండీ. వాటిలో ఏది అంకె, ఏది మాట అన్నది ఈ టైప్ డెఫినిషన్ల ఫైలు చెబుతుంది. మీ ప్రోగ్రాముకి దీని మాటే వేదం. ఇందులో పోస్టు కోడ్ అంకె అని ఉంది. అంకె ముందు సున్నా నిలవదు. ఇక కోడ్ సున్నాతో మొదలయ్యే విదేశీ ఊళ్లన్నీ గల్లంతే."

అక్క ఒక పార్సిల్ తిరగేసింది. కోడ్‌లో నిజంగానే ఒక అంకె తక్కువ.

"ఏదో గుడ్డిదెబ్బ తగిలింది," అన్నాడు తమ్ముడు. "తిండీ నిద్రా మాని నా చేత్తో రాసిన ఫైలక్కా ఇది! నిన్నగాక మొన్న కాలేజీ దాటిన పిల్ల వంకలు పెడుతుంటే వింటూ కూచున్నావా?"

అక్కకు తమ్ముడంటే ప్రాణం. కానీ ఇవాళ ఆ ప్రాణం కన్నా పార్సిళ్లే ముఖ్యమయ్యాయి.

"ఇంకేమైనా ఉన్నాయా అమ్మా?"

"ఇంకా కిందికి వెళ్తే ఇంటి నంబరు కూడా అంకె అనే ఉంటుందండి. పన్నెండు బై బి లాంటి ఇళ్లవీ వెనక్కి వస్తాయి. ఫోన్ నంబరేమో తప్పనిసరి అని ఉంటుంది. ఫోన్ లేనివాళ్లకు ఇక పార్సిల్ అందదు."

"కిందికి జరపరా," అంది అక్క.

తమ్ముడు జరిపాడు. రెండూ ఉన్నాయి, చెప్పింది చెప్పినట్టు. వాడి ముఖాన కత్తివేటుకు నెత్తురుచుక్క లేదు.

"ఉద్యోగం నీదేనమ్మా. వెంటనే దిద్దెయ్," అంది అక్క.

"ఉండక్కా!" తమ్ముడు పీలగొంతుతో అని అమ్మాయి వైపు తిరిగాడు. "నేను అక్కడిదాకా చూపించనే లేదు. నీకెలా తెలుసు?"

అమ్మాయి కీబోర్డు తన వైపు జరుపుకుంది.

"అందరికీ పనికొస్తుందని ఆ ఫైలు నెట్‌లో పెట్టింది నేనే సార్. ఆ తప్పులు ఎప్పుడో దిద్దేశాను, పైన నా పేరు చెరిపేసే ముందు మీరు కొత్త కాపీ దించుకోవలసింది."