గీతలాయన

"మళ్ళీ చారలే!"

ప్రింటర్లోంచి వచ్చిన కాగితం చూసి ఆమె ఉసూరుమంది.

కాగితం నిండా అడ్డంగా తెల్ల చారలు. భర్త మొహం ముక్కలు ముక్కలైంది. పెదవులుండాల్సిన చోట అసలేమీ పడలేదు.

ఆమెకు కావలసిందే ఆ పెదవులు.

గోడమీది ఫొటో ఎండకు వెలిసి తెల్లబడింది. పొద్దున దాని ముందు నిలబడితే ఆయన నవ్వు ఎలా ఉండేదో చప్పున గుర్తు రాలేదు. వెంటనే మరిదికి ఫోన్ చేసింది.

వచ్చి రెండుసార్లు తీసి చూసిన మరిది ఇప్పుడు ప్రింటర్ మూత ఎత్తాడు.

"అన్నయ్య ఉండగా దీన్ని ముట్టుకోనిచ్చేవాడా వదినా? బిడ్డకంటే ఎక్కువగా చూసుకున్నాడు. ఆసుపత్రిలో కూడా దీని ధ్యాసే. ఇప్పుడది నామీద కసి తీర్చుకుంటోంది."

"కబుర్లు తర్వాత. ముందు ఆయన మొహం సరిగ్గా రానీ."

"ఇదే ఎందుకు? ఆసుపత్రి మంచం మీది ఫొటో గోడకు పెట్టుకుంటారా ఎవరైనా?"

"నవ్వుతున్నది ఇదొక్కటే."

మరిది గుడ్డతో ప్రింటర్ లోపల తుడవసాగాడు.

అవి ఆఖరి రోజులు. సాయంత్రం పూట కాసేపే లోపలికి పంపేవాళ్ళు. ఆమె పక్కన కూర్చుంటే ఆయన మూలిగేవాడు. "పక్క మంచం ఆయన భలే మనిషోయ్, నవ్వించి చంపుతున్నాడు" అనేవాడు. ఆ పక్క మంచానికి ఎప్పుడూ తెర దించే ఉండేది. తెర వెనక దగ్గు తప్ప ఆమె ఏమీ ఎరగదు.

ఈ ఫొటో తర్వాత ఆయన ఫోన్లో దొరికింది. ఏ నర్సో తీసి ఉంటుందనుకుంది. కంప్యూటర్లోకి ఎక్కించి పెట్టమని మరిదికిచ్చింది కానీ, ఇన్నాళ్ళూ తెరిచి చూసే ధైర్యం చాలలేదు. ఇవాళ కూడా కళ్ళు సగం మూసుకునే చూసింది.

తనను చూసి నవ్వని మనిషి ఎవర్ని చూసి అంతలా నవ్వాడు? ఆ ముల్లు లోపల కదులుతూనే ఉంది.

"ఎన్నాళ్ళైంది వదినా దీన్ని వాడి?"

"నేనెప్పుడు వాడాను? ఎదురింటి మేడమీద ఉండేవాడే, గీతలాయన, ఆయనే వాడాడు."

"గీతలాయనా?"

"నేను పెట్టిన పేరే. మీ అన్నయ్య పోయిన కొద్ది రోజులకే అద్దెకు దిగాడు. ఆదివారం వచ్చిందంటే చాలు, చేతిలో తెల్లకాగితం పట్టుకుని గుమ్మంలో ప్రత్యక్షం. 'అక్కా, ఒక్క కాగితం తీసుకుంటాను' అనేవాడు. కంప్యూటర్ జోలికి పోడు. ప్రింటర్ మీదే ఏదో బటన్ నొక్కి పట్టుకునేవాడు. వచ్చేవన్నీ రంగురంగుల గీతలు. మడిచి జేబులో పెట్టుకుని పోయేవాడు."

"సిరా అంతా తాగేసి పోయాడన్నమాట."

"నేనూ అలాగే గొణుక్కునేదాన్ని. ఒకసారి ఆయనే సిరా సీసాలు తెచ్చి పోశాడు. మొహమాటానికి తెచ్చాడనుకున్నా."

మరిది నవ్వి, ఏదో బటన్ నొక్కి పట్టుకున్నాడు. ప్రింటర్ గుర్రుమని ఒక కాగితాన్ని బయటకు నెట్టింది.

"ఇది చూడు. నలుపు సగమే పడింది. ఎరుపు అక్కడక్కడా తెగింది. వాడక సిరా గడ్డకట్టింది."

ఆమె ఆ కాగితం లాక్కుంది.

"ఇదే! ఆయన తీసుకెళ్ళే కాగితం ఇదే!"

"ఇదా?" మరిది కనుబొమలు ముడిచాడు. "ఇది ఇంకెందుకూ కొరగాదు వదినా. సిరా సరిగ్గా పారుతోందో లేదో చూసుకోవడానికి తీసే కాగితం. వారం వారం తీస్తే లోపల ఎండిపోదు, అంతే."

"మరి ఆయనకెందుకది?"

"ఆయనకెందుకూ కాదు. నీ ప్రింటర్ కోసం."

ఆమె చేతిలోని గీతల కాగితాన్ని మళ్ళీ చూసింది.

ఇల్లు ఖాళీ చేసిన రోజు గీతలాయన గుమ్మంలోనే నిలబడ్డాడు. "అక్కా, వారానికొక కాగితమైనా తీస్తూ ఉండండి. ఎప్పుడో ఒకరోజు మీకే కావాలనిపిస్తుంది."

"నాకు కాగితాలతో పనేముంది?" అంది తను. కూర్చోమనైనా అనలేదు.

"బావగారు..." అని ఆయన ఏదో మొదలుపెట్టాడు.

"ఆయన మాట ఎత్తకండి" అని తలుపు దగ్గరగా వేసేసింది.

మెట్లు దిగుతూ దగ్గిన చప్పుడు మాత్రం వినబడింది.

"ఎక్కడికెళ్ళాడు?" అడిగాడు మరిది.

"అడగలేదు."

మరిది మళ్ళీ మళ్ళీ శుభ్రం చేశాడు. ప్రింటర్ మూలిగింది, ఆగింది, మళ్ళీ మూలిగింది. ప్రింటర్లో సిరా అడుగంటింది.

"ఇక ఒక్క కాగితానికి సరిపోతుందేమో వదినా. వస్తే వచ్చింది."

కాగితం మెల్లగా బయటికి రాసాగింది. ముందు కిటికీ. తర్వాత జుట్టు, నుదురు, కళ్ళజోడు.

ఆమె ముందుకు వంగింది.

పెదవులు వచ్చాయి. నవ్వు వచ్చింది. ఒక్క చార లేదు.

"అదీ అన్నయ్యంటే!" అన్నాడు మరిది.

ఆమె తడి ఆరని కాగితాన్ని అంచులు పట్టుకుని వెలుతురులోకి తీసుకెళ్ళింది. కళ్ళు పూర్తిగా తెరిచి, మొదటిసారి తీరిగ్గా చూసింది.

నలుపు నిండుగా పడింది. ఆయన భుజం వెనక చీకటిపడిన కిటికీ అద్దంలో పక్క మంచం కనిపిస్తోంది.

దానిమీద ఆసుపత్రి చొక్కాతో, తలమీద కొత్త పెళ్ళికూతురిలా దుప్పటి ముసుగేసుకుని, ఫోన్ ఎత్తిపట్టి ఆయన్ని నవ్విస్తున్నాడు గీతలాయన.