నాలుగో పాయింటు

వ్యాసం కాగితాలను నిహారిక బల్ల మీదికి విసిరికొట్టింది. ‘డ్రోన్లతో యుద్ధం నిజంగా మారిపోతుందా?’ అన్న ప్రశ్నకు ఆమె రాసిన జవాబును కోచింగ్ సారు మూడోసారి తిప్పి పంపాడు.

అశోక్‌నగర్ స్టడీహాలు ఊడ్చే ఈదమ్మ చీపురు పక్కన పెట్టి, తన ఫోన్ ముందుకు చాపింది.

“జర సూడు బిడ్డా. బార్డర్ల మిలిట్రీల ఉన్న నా కొడుకు ఐతారమైతే ఫోన్ చేస్తుండె. నెలాయె, మోగుతనే లేదు.”

“షాపులో చూపించమ్మా! నా పరీక్ష నాకుంది,” కసిరింది నిహారిక.

“రెండుసార్లు సూపిచ్చిన. బ్యాటరీ గూడ మార్పిచ్చిన.”

విసుక్కుంటూనే నిహారిక తన ఫోన్ నుంచి రింగిచ్చింది. ఈదమ్మ ఫోన్ హాలంతా వినపడేలా మోగింది.

“మోగుతోందిగా! ఇంకేంటి నీ...”

అంతలో ఆమె చూపు వ్యాసంలోని నాలుగో పాయింటు మీద పడింది. ‘సెల్ సిగ్నల్‌ను బట్టి డ్రోన్లు సైనికుల జాడ పసిగడతాయి. అందుకే సరిహద్దులో ఫోన్లు ఆపేయిస్తారు.’

నిహారిక గొంతు తగ్గింది. “నీ ఫోన్ బాగానే ఉందమ్మా. అక్కడే వాళ్ల ఫోన్లు ఆపించి ఉంటారు. డ్రోన్లు కనిపెట్టకుండా.”

ఈదమ్మ ఫోన్‌ను కొంగుతో తుడిచింది.

“మరి ఆడు బాగున్నడని నాకెట్ల తెలుస్తది బిడ్డా?”

నిహారిక రాసిన ఐదు పేజీల్లో దానికి జవాబుగా ఒక్క వాక్యం కూడా లేదు.