సలాక మొన

మొగులయ్య తన్నిన తన్నుకు నిచ్చెన గగన్‌పహాడ్ కోళ్ల షెడ్డు రేకుల మీంచి కింద దబ్బున పడింది.

“ఇగ యాడికి ఉరుకుతవ్‌రా?”

రేకుల మీదే మొగులయ్య జగదీశ్ గల్లా పట్టి మొహం మీద గుద్దాడు. రేకుల నడుమ వాననీళ్లు పారే తుప్పుపట్టిన గట్టరులో జగదీశ్ రబ్బరు షీటు పరిచి నెల కాలేదు, నిన్నటి వానకు కింద కోళ్ల దాణా బస్తాలన్నీ నానిపోయాయి.

“కొలత తప్పినవ్! నా కోళ్లకు ఏం పెట్టాలె?”

“తప్పలే అన్నా. మూడుసార్లు టేపు పట్టిన.”

మొగులయ్య ఇనుప సలాక ఎత్తి వీపు మీద కొట్టాడు. జగదీశ్ గట్టరులో బోర్లా పడ్డాడు. ముక్కులోంచి కారిన నెత్తురు షీటు మీద సన్నగా పారి, ఒకచోట లోపలికి ఇంకిపోయింది.

అక్కడ నాలుగు పలకల బొక్క ఉంది.

సలాక మళ్లీ లేచింది.

“ఆగన్నా! దాని మొన దీంట్ల పెట్టి సూడు.”

పెట్టాడు. సరిగ్గా దిగింది.

పాత ఇనుప గట్టరులో ఆకులు అడ్డం పడితే మొగులయ్య ఆ సలాకతోనే పొడిచేవాడు. షీటు పరిచాక, మొన్న కూడా అలాగే పొడిచాడు.

జగదీశ్ ఇంకో బొక్క మీద వేలు పెట్టాడు. తర్వాత ఇంకోదాని మీద.

మొగులయ్య సలాక వదిలేసి, తన తువ్వాల అతని ముక్కుకు అదిమాడు.

“లే తమ్మీ, దవాఖానకు పోదాం.”

దిగడానికి మొగులయ్య చాచిన కాలు, నిచ్చెన లేక, గాల్లోనే ఆగిపోయింది.