స్టిక్కరు లేని ఫ్రిజ్

"స్టార్లున్నది నాకొద్దు సావుకారూ. స్టిక్కరు లేనిది ఒకటి ఇవ్వండి" అన్నాడు వచ్చిన మనిషి.

భీమశంకరరావు విజయనగరంలో ఇన్నేళ్లుగా ఫ్రిజ్‌లు అమ్ముతున్నాడు గానీ, ఇలాంటి కోరిక కోరినవాడు ఎప్పుడూ తగల్లేదు. కరెంటు ఎంత తక్కువ కాలిస్తే అన్ని స్టార్లు. ఆ స్టార్ల స్టిక్కరు లేకుండా రెండు తలుపుల ఫ్రిజ్ అమ్మకూడదని ఆ జనవరి నుంచే ప్రభుత్వం రూలు పెట్టింది. ఆఫీసర్లు కొనేవాళ్లలా మారువేషాల్లో వచ్చి స్టిక్కరు లేనిది అడుగుతున్నారట, పొరపాటున అమ్మితే కేసేనట. పొద్దున్నే బొబ్బిలి నుంచి బావమరిది ఆనంద్‌కుమార్ ఫోన్ చేసి మరీ చెప్పాడు.

భీమశంకరరావు గోడౌన్‌లో పరదా కింద అలాంటివి రెండున్నాయి.

"అలాంటివి మేం అమ్మం సార్" అన్నాడు భీమశంకరరావు గొంతు సవరించుకుని.

"సారేటి బాబూ? నాను అసిరయ్యని. భోగాపురం కాడ మాది. సంద్రంలో ఏటకెల్తాను."

భీమశంకరరావు అతన్ని ఎగాదిగా చూశాడు. ఇస్త్రీ చొక్కా. జేబులో పెన్ను. చేతిలో కొలతల టేపు. చేపలు పట్టేవాడికి టేపెందుకు?

"ఈ రెండు తలుపుల అయిదు స్టార్లది చూడండి. ఏడాదికి ఎన్ని యూనిట్లు కాలుస్తుందో స్టిక్కరు మీదే రాసుంది."

"యూనిట్లు నాకెందుకు? గోడ ఎంత మందం ఉన్నాది?"

అసిరయ్య తలుపు తీసి టేపుతో గోడ కొలిచాడు. వేళ్లతో టకటకా కొట్టి చెవి ఒగ్గి విన్నాడు. తలుపు సందులో కాగితం ముక్క పెట్టి మూసి, దాన్ని లాగి చూశాడు. కాగితం ఊడిరాలేదు. బాగుందన్నట్టు తలూపాడు.

గల్లాపెట్టె దగ్గరున్న కమలాదేవి మొగుణ్ణి కళ్లతోనే పిలిచింది.

"ఏవండీ, ఆఫీసరేనంటారా?"

"వేటకెళ్తాడట. వేటకెళ్లేవాడు యూనిట్లు నాకెందుకంటాడేటే? కరెంటు బిల్లు వీళ్ల తాత కడతాడా?"

"నిజంగా చేపలవాడేమో."

"చేపలవాడు కాగితం పెట్టి తలుపు పరీక్ష చేస్తాడా?"

కమలాదేవి ఎందుకైనా మంచిదని కాఫీ తెప్పించింది. అసిరయ్య కాఫీ తాగుతూ, "దీన్ని పడుకోబెడితే ఏటవుద్ది?" అని అడిగాడు.

"అమ్మమ్మ! పడుకోబెట్టకూడదండీ. మోటార్లో నూనె గొట్టాల్లోకి పోతుంది. ఫ్రిజ్ పాడైపోతుంది" అని భీమశంకరరావు బళ్లో పాఠం అప్పజెప్పినట్టు చెప్పాడు.

"పాడైపోతే పోనీండి."

భీమశంకరరావుకి ఇది ఎలాంటి పరీక్షో, తప్పు జవాబు ఏదో అంతు చిక్కడం లేదు.

అసిరయ్య దగ్గరికి జరిగి గొంతు తగ్గించాడు. "దాస్తారేటి సావుకారూ? మీ గోడౌన్లో స్టిక్కరు లేనివి రెండున్నాయంట గదా. దించిన ఆటో ఎల్లాజీ సెప్పినాడు. అమ్మకూడదు గాబట్టి సవగ్గా ఇచ్చేస్తారనీ..."

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, "ఎల్లాజీ ఎవరు? గోడౌన్ ఎక్కడిది? అందులో ఎలుకలు తప్ప ఏమీ లేవు సార్!" అని ఒక్క గుక్కలో మూడు అబద్ధాలాడేశాడు భీమశంకరరావు.

కమలాదేవి ఇక ఆగలేక మొగుణ్ణి పక్కకి లాగింది. "షాపుకి తాళం పడితే వీధిన పడతాం. ఆ అయిదు స్టార్లదే సగం ధరకి ఇచ్చేయండి. మనం ఎందుకిస్తున్నామో ఆయనకే తెలుస్తుంది."

సగం ధర మాట వినగానే ఈసారి అసిరయ్య తెల్లబోయాడు. ఫ్రిజ్‌ని చూశాడు, షావుకారుని చూశాడు, మళ్లీ ఫ్రిజ్‌ని చూశాడు.

"స్టిక్కరు లేనిదానికే ఇంతకన్నా ఎక్కువవుద్దనుకున్నాను. ఇందులో ఏటో మతలబు ఉన్నాది. దొంగసరుకా?"

"కాదు సార్! మా ఆవిడ మీద ఒట్టు!"

కమలాదేవి నోరు తెరిచి, ఆఫీసరు ముందు బాగుండదని మూసుకుంది.

అసిరయ్య కాసేపు గడ్డం గోక్కున్నాడు. ఏమనుకున్నాడో, డబ్బు తీసి ఇచ్చేశాడు. భీమశంకరరావు రసీదు రాసిచ్చాడు. సగం ధరకి తీసుకున్నాడంటే వదిలేసినట్టా, లేక ఆ రసీదునే లంచానికి సాక్ష్యంగా పట్టుకెళ్తున్నట్టా? ముప్పై ఏళ్ల వ్యాపారంలో నష్టానికి అమ్మి కూడా ఇంత భయపడటం ఆయనకి ఇదే మొదలు.

అసిరయ్య ఫ్రిజ్‌ని నెమ్మదిగా బోర్లా పడుకోబెట్టాడు. జేబులోంచి స్క్రూడ్రైవర్ తీసి వెనకవైపు కూర్చున్నాడు. అది చూసి భీమశంకరరావు ఉండబట్టలేకపోయాడు. రెండు చేతులూ జోడించాడు.

"సార్, పిల్లలు గలవాణ్ణి. రిపోర్టులో ఏం రాస్తారో ఒక్కమాట చెప్పండి."

"రిపోర్టేటి సావుకారూ?" అన్నాడు అసిరయ్య మరలు విప్పుతూ. "పైదాన్లో ఐసు, కిందిదాన్లో సేపలు ఏసుకుంతాం. పడవలో కరెంటు ఏడుంటాది? ఈ మోటారు మాత్రం మీరే ఉంచేసుకోండి."