చుట్టుదారి

శుక్రవారం మధ్యాహ్నం పన్నెండులోపు ఆ నలభై లైన్లు రాసినవాడెవడో దొరకాలి. దొరక్కపోతే చివరి ఏడాది ప్రాజెక్టు గోవిందా!

"ఎవరి ప్రోగ్రాం వాడుకున్నా అనుమతి పత్రం జతచెయ్యాలని మొదటిరోజే చెప్పానా లేదా?" అంది ప్రొఫెసరమ్మ, కళ్ళజోడు పైనుంచి చూస్తూ. "రాసినవాడి పేరేది? అనుమతేది?"

"పేరు లేదు మేడమ్. స్కూలు పిల్లలు రాసిన పాత ప్రోగ్రాములన్నీ ఒకచోట కుప్పపోసిన సైటుంది. అందులో దొరికింది."

"అయితే తీసిపారెయ్. దారి కనుక్కోవడానికి పుస్తకంలో ఉన్న పద్ధతే పెట్టుకో. గంట పని."

నిజానికి అమ్మాయికి అది గంట పని కూడా కాదు. కంప్యూటర్ సైన్సులో క్లాసుకి ఫస్టు. చిక్కంతా వేరే ఉంది.

కాలేజీలో కొత్తగా చేరినవాళ్ళకు ఫోన్లో దారి చూపించడమే ఆమె ప్రాజెక్టు. ఏడు బ్లాకులు, మూడొందల గదులు. పుస్తకంలోని పద్ధతి బుద్ధిగా దగ్గరిదారి చూపిస్తుంది. ఈ నలభై లైన్లున్నాయే, ఇవి శుద్ధ తిక్క! ఎదురుగా కనిపిస్తున్న గదికి కూడా బిల్డింగు వెనకనుంచి తిప్పుతాయి. జనం ఎక్కువుండే చోటు ఏదైనా సరే, ఆ ఛాయలకే పోనివ్వవు. క్యాంటీన్ గుమ్మం వద్దు, ఆటస్థలం వద్దు, గుంపులు కూచునే మెట్లు అసలే వద్దు. అమ్మాయి సరదాకి పెట్టి చూసింది. "ఎవడోగానీ వీడికి తల తిరుగుడే" అని నవ్వుకుని తీసెయ్యబోయింది.

తియ్యనివ్వనిది ఆమె జూనియరు. ఆఖరి ఏడాది వాళ్ళు ఒక్కొక్కరూ కొత్తగా చేరినవాళ్ళలో ఒకరికి పెద్దదిక్కుగా ఉండాలన్నది ఆ కాలేజీ పద్ధతి. ఆమె వాటాకొచ్చిన పిల్లకి నోట్లో నాలుక లేదు. నలుగురున్న చోటు దాటాలంటే చెమటలు. మొదటి నెలలో క్లాసుకి తొమ్మిది రోజులే వచ్చింది. ఈ చుట్టుదారి ఫోన్లోకి ఎక్కాక ఒక్కపూట మానలేదు.

"దాన్ని తీసేస్తే నేనింక రాలేనక్కా" అంది ఆ పిల్ల. పరిచయమయ్యాక ఆమె మాట్లాడిన అతి పొడుగు మాట అదే.

ఉంచితే తన చదువు ఆగుతుంది, తీసేస్తే ఆ పిల్ల చదువు ఆగుతుంది. తనే తిరగరాద్దామన్నా, చూసి రాసింది కూడా కాపీయే అంటుంది ప్రొఫెసరమ్మ. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

సైటువాళ్ళకి ఉత్తరం రాసింది. పదేళ్ళ కిందటివి, వివరాల్లేవు అని జవాబు. ప్రోగ్రాం మధ్యమధ్య ఏవో గమనికలున్నాయి. ఏదో భాషని ఇంగ్లిషు అక్షరాల్లో, తోచిన స్పెల్లింగుతో రాశాడు మహానుభావుడు. అనువాదం చేసే యంత్రానికిస్తే అది కాసేపు తన్నుకుని, 'భోజనం గోడ ఎక్కి నవ్వింది' అని తేల్చింది.

గురువారం సాయంత్రం మొహం వేలాడేసుకుని ఇల్లు చేరింది. ఇల్లంటే ప్రస్తుతానికి ఇది. వాళ్ళ నాన్న వంతెనలు కడతాడు. వంతెన అయిపోయిందంటే సామాను కదలాల్సిందే. అలా నాలుగు దేశాలు, ఆరు స్కూళ్ళు. ఎక్కడి భాష అక్కడ నెల తిరక్కుండా పట్టేసేది, విమానం దిగీదిగగానే వదిలేసేది. "దీని బుర్ర అద్దెకొంప. పాతవాళ్ళు ఖాళీ చేస్తేగానీ కొత్తవాళ్ళు దిగరు" అంటుంది అమ్మ.

"ఏమిటే ఆ మొహం?" అంది అమ్మ, ఉతికిన బట్టలు మడతపెడుతూ.

"ఒక వెధవని వెతుకుతున్నానమ్మా. దొరికితే రెండు తగిలిస్తా." సంగతంతా ఏకరువు పెట్టింది. "ఎవరైనా వాడుకోండి అని ఒక్క ముక్క రాసి చావొచ్చుగా! రాసిందేమో ఏ భాషో వాడికే తెలియాలి."

"ఊరికే తిట్టకు. ఏదీ, చదువు, వింటాను."

అమ్మాయి కూడబలుక్కుంటూ చదివింది. రెండో లైనుకే అమ్మ పకపకా నవ్వింది.

"ఆగాగు! ఇది మన రెండో వంతెన దగ్గరి భాషేనే! పలకడం వస్తేగా నీకు!"

"అవునా! నాకొక్క ముక్క గుర్తులేదు. నీకెలా గుర్తుందే?"

"కూరగాయలు బేరమాడిన భాష ఎవరైనా మరిచిపోతారటే? ఇటు తిప్పు." అమ్మ లాప్‌టాప్ ముందుకి లాక్కుని, తెరమీద వేలుపెట్టి చదవడం మొదలుపెట్టింది. "'భోజనాల గది ముందునుంచి వెళ్ళొద్దు, అక్కడ నవ్వుతారు.' పాపం! 'మెట్లమీద పెద్దపిల్లలుంటారు, నా మాటని వెక్కిరిస్తారు. గోడవారగా వెళ్తే ఎవరూ చూడరు.'"

అమ్మాయి కోపం కాస్తా దిగిపోయింది.

"అయ్యో, వాడిది తిక్క కాదమ్మా. మా జూనియరులాంటి వాడేనన్నమాట." వారంరోజులుగా తిట్టిన తిట్లన్నీ వెనక్కి తీసుకోవాలనిపించింది. ఎక్కడున్నాడో, పెద్దయ్యాకైనా నలుగురిలో కలిశాడో లేదో! "అనుమతి మాటేమైనా ఉందేమో చూడు. ఆఖర్న ఇంకో రెండు లైన్లున్నాయిగా."

అమ్మ ఆ రెండు లైన్లూ మనసులోనే చదువుకుంది. మళ్ళీ మొదటినుంచి చదివింది. మడతపెట్టాల్సిన తువ్వాలుతో కళ్ళు తుడుచుకుంది.

"ఏమైందమ్మా? లేదా?"

"'ఎవరైనా వాడుకోండి, రేపు మేము వేరే దేశం వెళ్ళిపోతున్నాం' అని ఉందే," అంది అమ్మ, "ఆ సాయంత్రం స్కూల్లో కంప్యూటరు గది వదిలి రానని బల్ల పట్టుకుని ఏడుస్తుంటే, నిన్ను చెయ్యిపట్టి లాక్కొచ్చింది నేనే కదటే!"